మూడెకరాల వరికి నీలం ట్యాగు

మాది హుజూరాబాద్ దిక్కు, కాకతీయ కాలువ కింది ఊరు. ఇక్కడ విత్తన వరి అంటే ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఆడమగ వరి. వరుసల మధ్య తాడు లాగుతూ పుప్పొడి రాల్చే హైబ్రిడ్ సాగు అన్నమాట. అందుకే నేను యాసంగిలో మూడెకరాలు విత్తనానికి వేస్తున్నానంటే అందరూ "ఆడమగనా?" అనే అడిగారు. కాదు, ఎంటీయూ 1010 అనే మామూలు రకం. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన కాటన్ దొర సన్నాలు. మిల్లుకు పోయే వడ్లే కదా, వాటికి మళ్లీ పరీక్షలేంది అని మా బావ నవ్వాడు.

నవ్వులాటకు నేనీ పని పెట్టుకోలేదు. రెండేళ్ల కింద తెలిసినవాళ్ల దగ్గర సంచి విప్పి అమ్మిన విత్తనం తెచ్చి పోశాను. పొలం రెండు ఎత్తుల్లో పెరిగింది. ఒక రకం కోతకొచ్చేసరికి రెండోది ఇంకా పాలు పోసుకుంటోంది. ఆ కోపంతోనే మా దగ్గరి రైతుల సొసైటీలో విత్తన సాగుకు పేరిచ్చాను. విత్తన ధ్రువీకరణ సంస్థలో రిజిస్ట్రేషన్, ఫీజులు, కాగితాలు సొసైటీ చూసుకుంటుంది. పంట నాది. మార్కెట్ ధర మీద కొంత ఎక్కువిచ్చి వాళ్లు కొంటారు. తనిఖీలో, పరీక్షల్లో ఫెయిలైతే మాత్రం మామూలు వడ్లే.

డిసెంబర్‌లో ఎకరాకు 20 కిలోల చొప్పున 60 కిలోల ఫౌండేషన్ విత్తనం ఇచ్చారు. సంచులకు తెల్ల ట్యాగులు. దీని లెక్క ఇలా ఉంటుంది. శాస్త్రవేత్తల దగ్గర తయారయ్యే బ్రీడర్ విత్తనానికి పసుపు ట్యాగు. దాన్నుంచి వచ్చే ఫౌండేషన్‌కు తెలుపు. ఫౌండేషన్ వేసి మేం పండించేది సర్టిఫైడ్, దానికి నీలం. అంగట్లో ఎక్కువగా కనిపించే ఆకుపచ్చ లేబుల్ వేరే సంగతి. సంచిలో ఉన్నది ఇదే అని అమ్మేవాడు తన పూచీ మీద రాసుకునేది అది. అదీ చట్టబద్ధమే. 1966 విత్తన చట్టంలో ధ్రువీకరణ తప్పనిసరి కాదు, ఇష్టమున్నవాళ్లు చేయించుకోవచ్చు. కాకపోతే నీలం ట్యాగుంటే పొలంలోకి మూడో మనిషి దిగి చూసినట్టు.

మొదటి దెబ్బ నారు పోసిన రోజే తగిలింది. ఇంటికొచ్చేసరికి అమ్మ సంచులు కోసి, గింజలు నానబోసి, ఖాళీ సంచులు పశువుల కొట్టంలో పరిచేసింది. ట్యాగులేవీ అంటే "ఆ తెల్ల చీటీలా? ఊడ్సి పారేసిన" అంది. ఏ విత్తనం వేశామో రుజువు చేసేవి ఆ ట్యాగులే. రిజిస్ట్రేషన్‌కు బిల్లుతో పాటు అవీ ఉండాలి. పెంటకుప్పలో గంటసేపు వెతికితే దొరికాయి. ఒకదానికి పేడ అంటింది కానీ లాట్ నంబర్ చదవొస్తోంది. కడిగి ఆరేసి దాచాను. మీరెవరైనా ఈ పనికి దిగితే సంచి విప్పకముందే ట్యాగు కోసి జేబులో వేసుకోండి.

నాట్లప్పుడు ఇంకో పంచాయితీ. విత్తన వరికి, పక్కన ఉన్న వేరే రకం వరికి మధ్య 3 మీటర్ల దూరం ఉండాలి. వరి తన పువ్వులో తానే గింజ కట్టే పంట కాబట్టి ఈ మాత్రం చాలు. అదే ఆడమగ వరికైతే 100 మీటర్లు కావాలి. తూర్పు వైపు పక్క రైతు వేరే రకం వేశాడు, మధ్యలో ఉన్నది మీటరు గట్టు. అందుకని మా వైపు రెండు మీటర్లు నాటకుండా వదిలాం. "రెండు మీటర్ల భూమి పడావు పెడ్తవా, నీకేమన్న పిచ్చా?" అని అమ్మ నాలుగు రోజులు మాట్లాడలేదు. ట్యాగుల సంగతి ఆమె మనసులో ఉండే ఉంటుంది.

అసలు తప్పు మాత్రం నాది, అది నాట్లకు ముందే జరిగింది. వానాకాలంలో ఆ మడుల్లో ఆర్‌ఎన్‌ఆర్ 15048, అదే తెలంగాణ సోనా వేశాను. హార్వెస్టర్ కోసినప్పుడు రాలిన గింజలు నేలలోనే ఉన్నాయి. నీళ్లు పెట్టి వాటిని మొలిపించి, కలియదున్ని, మళ్లీ నీళ్లు పెట్టి దున్నాలని సొసైటీ వాళ్లు చెప్పారు. కాలువ నీళ్లు ఆలస్యంగా వచ్చాయి, కూలీలు దొరకరేమోనని టెన్షన్. ఒక్క దమ్ముతో, అంటే నీళ్లలో ఒక్కసారి దున్ని సరిపెట్టాను.

మార్చిలో పూత మీద ఉండగా ఫీల్డ్ ఇన్‌స్పెక్షన్‌కు ధ్రువీకరణ సంస్థ నుంచి ఒక మేడమ్ వచ్చారు. వరికి పూత నుంచి కోత లోపు కనీసం రెండుసార్లు చూస్తారు. గట్టు మీద నిలబడి సంతకం పెట్టి పోతారనుకున్నా. ఆమె ప్యాంటు మడిచి బురదలోకి దిగారు. ఐదెకరాల లోపు పొలమైతే ఐదు చోట్ల, చోటుకు వెయ్యి కంకుల చొప్పున లెక్క. అంటే మొత్తం ఐదు వేలు. సర్టిఫైడ్ విత్తనానికి వేరే రకం మొక్కలు 0.20 శాతం దాటకూడదు. ఐదు వేలకు పది.

మా పొలంలో పద్నాలుగు వచ్చాయి.

రాలిన సోనా గింజలు మా నారు కంటే ముందే మొలిచి, ముందే ఈని, 1010 పూత మీద ఉండగానే కంకి వంచి నిలబడ్డాయి. మేడమ్ ఒక కంకి తెంపి నా చేతిలో పెట్టి, "ఇది మీ రకమేనా అన్నా?" అన్నారు. పొట్టి సన్నగింజ. నాకు మాట రాలేదు. మొదటి లెక్క హద్దు దాటితే ఇంకోసారి లెక్క పెట్టే పద్ధతి ఉంది. మరో ఐదు చోట్ల చూస్తే పది. రెండూ కలిపి పది వేలకు 24, ఉండాల్సింది 20. పొలం పాస్ కాలేదు. అయితే కేళీలు తీసేసి మళ్లీ చూడమని అడిగే అవకాశం ఉందని, దానికి ఫీజు వేరే ఉంటుందని చెప్పి, ఫారం మీద ఉన్నదున్నట్టు రాసి వెళ్లారు.

కేళీలంటే మన రకం కాని మొక్కలు. మరుసటి రోజు ఆరుగురు ఆడవాళ్లను పిలిచాను. కంకి తుంచితే చాలదు, పక్క పిలకలు మళ్లీ ఈనతాయి. మొక్కను వేర్లతో పీకి, సంచిలో వేసుకుని గట్టు దాటించాలి. నేను నాలుగు వరుసలు దాటేసరికి అన్నీ ఒక్కలాగే కనిపించడం మొదలైంది. మాతో ఒక పెద్దవ్వ ఉంది, అరవై దాటి ఉంటాయి. నేను వదిలేసిన వరుసలో నా వెనకే వచ్చి మూడు పీకింది. ఎట్ల పట్టినవ్ అవ్వా అంటే, "పొద్దుకు ఎదురుంగ నడువు కొడుకా, వేరే రంగు కండ్లల్ల గుచ్చుకుంటది" అంది. ఎండకు ఎదురుగా నడిస్తే నిజంగానే తేడా తెలిసింది. ఏ శిక్షణలోనూ నాకీ మాట వినపడలేదు. ఊద గడ్డి కూడా అప్పుడే తీశాం. అడవి వరి మాత్రం మా అదృష్టం కొద్దీ లేదు. అది గనక ఉంటే హద్దు ఇంకా కఠినం, 0.02 శాతం.

మూడు రోజులు ఏరి, వారం ఆగి ఇంకో రోజు ఏరాం. మళ్లీ చూసినప్పుడు ఐదు వేలకు నాలుగే. కోతకు ముందు చివరిసారి వచ్చి, పాస్ రాసి, ఎన్ని క్వింటాళ్లు దిగుబడి రావచ్చో అంచనా కూడా వేశారు. ఆ అంచనా ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. పొలంలో పండిన దానికంటే ఎక్కువ బస్తాలు విత్తనం శుభ్రం చేసే ప్లాంట్‌కు చేరితే ఎక్కడివని అడుగుతారు. పక్కింటి వడ్లు కలిపేద్దామనే ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

ఏప్రిల్ ఆఖర్లో కోత. హార్వెస్టర్ అంతకుముందు ఎవరి పొలం కోసి వచ్చిందో, దాని కడుపులో ఆ గింజలే ఉంటాయి. మూతలన్నీ తెరిపించి, కొట్టించి ఊడిపించాను. డ్రైవర్ విసుక్కున్నాడు, గంట డబ్బులు ఎక్కువిస్తానంటే ఊరుకున్నాడు. అయినా మొదట వచ్చిన రెండు ట్యాంకులు పక్కన పోయించి తినడానికి ఉంచుకున్నాం.

అక్కడి నుంచి ఎండబెట్టడం. కొనుగోలు కేంద్రంలో 17 శాతం తేమ ఉంటే తీసుకుంటారు. విత్తనానికి 13 దాటకూడదు. ఆ నాలుగు శాతం దింపడానికి నేను పడ్డ పాట్లు చెప్తే చాంతాడంత అవుతుంది. ఎండలు దంచుతున్నాయి కదా, ఒక్కరోజులో ఆరిపోతాయి అనుకుంటాం. మిట్టమధ్యాహ్నం పల్చగా పోసి వదిలేస్తే గింజ లోపలి మొలక ఉడికిపోతుంది. పైకి ఏమీ తెలియదు, బియ్యం బాగానే వస్తాయి, మొలక మాత్రం రాదు. అందుకని పొద్దున ఆరబోసి, గంటకోసారి తిరగేసి, పన్నెండుకల్లా కుప్ప చేసి, మూడు తర్వాత మళ్లీ పరిచేవాళ్లం. మూడో రోజు రాత్రి గాలివాన. ఒక పక్క టార్పాలిన్ లేచిపోయి దాదాపు 18 క్వింటాళ్లు తడిశాయి. మళ్లీ ఎండబెడితే పనికొస్తాయేమో అని బావ అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. ఓ గుప్పెడు తడి గోనెగుడ్డలో చుట్టి చూస్తే సగం కూడా తిన్నగా మొలవలేదు. ఆ బస్తాలు కొనుగోలు కేంద్రానికే పోయాయి. మిగిలిన 57 క్వింటాళ్లు విత్తనానికి.

వారం తర్వాత నేనో తొందర పని చేశాను. అధికారిక శాంపిల్ తీయడానికి ముందే, నా మనశ్శాంతి కోసం, సొంత డబ్బులతో విత్తన పరీక్ష కేంద్రానికి ఒక శాంపిల్ ఇచ్చాను. రైతులెవరైనా ఇలా ఇచ్చుకోవచ్చు. రెండు వారాలకు రిపోర్టు వచ్చింది: మొలక 74 శాతం. ఉండాల్సింది 80. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎండకు చంపేశామా, వాన తగిలిన బస్తా కలిసిందా అని ఒకటే ఆలోచన.

తెల్లారి రిపోర్టు పట్టుకుని కేంద్రానికి పోయాను. అక్కడి సార్ నన్ను లోపలికి తీసుకెళ్లి చూపించారు. తడి కాగితాల మధ్య వందేసి గింజలు పేర్చి, చుట్టలు చుట్టి, గదిలో నిలబెడతారు. అలాంటివి నాలుగు కలిపితే నాలుగు వందల గింజలు. వరికి చివరి లెక్క 14వ రోజున. "ఆ ఒక్క అంకే చూసిండ్రు, కింద చదవలేదా?" అన్నారు సార్. కింద ఉంది: వంకర మొలకలు 6, చచ్చినవి 5, మొలవకుండా తాజాగా ఉన్నవి 15. ఆ పదిహేనూ నీళ్లు పీల్చుకుని గట్టిగా, ఆరోగ్యంగా ఉన్నాయి. చావలేదు, నిద్రపోతున్నాయి. కోసిన కొత్తలో కొన్ని వరి రకాలకు ఈ నిద్రావస్థ ఉంటుంది, 1010కి ఉందని రైతులకూ తెలుసు. నాకూ తెలుసు, భయంలో గుర్తు రాలేదంతే. వెంటనే నారు పోయాల్సిన వాళ్లు లీటరు నీటికి 6.3 మిల్లీలీటర్ల గాఢ నత్రికామ్లం కలిపి కిలో గింజలు ఒక రోజు నానబెట్టి, కడిగి మండె కడతారు, అంటే మొలకెత్తేదాకా గోనెల్లో కప్పి పెడతారు. నిద్ర గట్టిగా ఉంటే 10 మిల్లీలీటర్లు. మాకా అవసరం లేదు, జూన్ దాకా టైముంది. "ఓపిక పట్టుండ్రి, అవే లేస్తయి" అన్నారు.

మే ఆఖర్లో ప్రాసెసింగ్ ప్లాంట్‌కు తోలాం. జల్లెళ్ల మీద తాలు, చిన్న గింజ, మట్టి పోయి 51 క్వింటాళ్లు మిగిలింది. 30 కిలోల సంచులు 170. ఒక లాట్ 200 క్వింటాళ్ల దాకా ఉండొచ్చు కాబట్టి మాదంతా కలిపి ఒకటే. సంచుల్లోకి సన్నటి గొట్టం గుచ్చి గింజలు తీసి, కలిపి, అందులోంచి 400 గ్రాములు ల్యాబ్‌కు పంపారు. స్వచ్ఛత 98 శాతం ఉండాలి, వేరే రకం గింజలు కిలోకు 20 దాటకూడదు, తేమ 13, మొలక 80. జూన్ రెండో వారంలో ఫోన్ వచ్చింది. మొలక 88. సోనా గింజలు కిలోకు ఆరు. నాలుగు రోజులు ఏరినా ఇంకా ఆరు ఉన్నాయంటే ఏరకపోతే ఎన్ని ఉండేవో.

ట్యాగులు కుట్టే రోజు ప్లాంట్‌కు పోయాను. నీలం చీటీ మీద పంట, రకం, లాట్ నంబర్, పరీక్ష తేదీ, గడువు. పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. అమ్ముడు పోకపోతే మళ్లీ పరీక్ష చేయించి ఇంకో ఆరు నెలలు పొడిగించుకోవచ్చు.

లాభం ఎంతని అడుగుతున్నారు. కేళీల కూలీ, రెండోసారి తనిఖీ ఫీజు, హార్వెస్టర్ వాడికి ఎక్కువిచ్చింది, తడిసిన వడ్లకు పోయింది, అన్నీ తీసేస్తే మామూలు వడ్ల కంటే కొంచెం మెరుగు. అంతే. తడవకపోయి ఉంటే ఇంకో మాట చెప్పేవాణ్ని. టార్పాలిన్లు మాత్రం కొత్తవి నాలుగు కొన్నాను.

వానాకాలానికీ పేరిచ్చాను. ఈసారి అవే మడుల్లో సోనా వేస్తున్నా, అంటే ఇప్పుడు నేలలో పడి ఉన్న 1010 గింజలే కేళీలు. నిన్న నీళ్లు పెట్టాం. వారానికి పచ్చగా మొలుస్తాయి, అప్పుడు దున్ని, మళ్లీ నీళ్లు పెట్టి, మళ్లీ దున్నాలి. పెద్దవ్వకు కూడా ఇప్పుడే చెప్పి పెట్టాను, పూత టైముకు వేరే ఎవరికీ ఒప్పుకోవద్దని.