ఉగ్గాని, సంగటి, ఈ వారం మా వంటలు
కర్నూలులో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జి ఉంటే ఇంక వేరే టిఫిన్ ఆలోచనే రాదు. ఉగ్గానికి నానబెట్టిన బొరుగులు (మరమరాలు) మెత్తబడగానే నీళ్ళలోంచి తీసి గట్టిగా పిండేయాలి, ఎక్కువ నానితే ముద్దయిపోతాయి. పుట్నాల పొడి మాత్రం స్టవ్ ఆపాకే చల్లండి, అందులో వెల్లుల్లి, ఎండుకొబ్బరి ఉంటే రుచే వేరు (మా ఇంట్లో ఆ పొడి సగం ఉత్తగానే అయిపోతుంది). రాత్రికి రాగి సంగటి, చెనిక్కాయల (వేరుశనగల) పచ్చడి. అన్నం బాగా మెత్తగా ఉడికాక రాగిపిండి పైన కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి సన్నమంట మీద కాసేపు వదిలేసి, ఆ తర్వాతే కట్టెతో గెలకమంటుంది మా అత్త, అట్లా చేస్తే ఉండలు కట్టదు. పచ్చడికి మిక్సీ వద్దు, రోలే. కడప వాళ్ళూ, కారం దోశకు ఎర్రకారం మీరెట్లా నూరుతారో కాస్త చెప్పండబ్బా.