కోరల్ బ్యూటీ వచ్చింది, పాతకాపుకి ఒళ్లు మండింది

మాది బరంపురం. ఇంట్లో నాలుగడుగుల రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు కూడా పెంచే ఉప్పునీటి ట్యాంకు ఉంది, నీళ్లు వడకట్టే సంప్ కలుపుకుని మూడొందల లీటర్ల పైచిలుకు. అందులో క్లౌన్ చేపల జంట, ఒక ఫైర్‌ఫిష్, ఒక సిక్స్ లైన్ రాస్. ఏంజెల్ చేప ఒకటి తెచ్చుకోవాలని చాన్నాళ్ల కోరిక, ఈ చలికాలంలో తీరింది. ఇచ్ఛాపురం వైపు నుంచి, పర్లాకిమిడి నుంచి ఈ పిచ్చి ఉన్న ఒకరిద్దరు ఎలా చేశావని అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే రాసేయడమే నయం అనిపించింది. ముందే చెప్పేస్తున్నా, చేపని కొత్త నీళ్లకి అలవాటు చేయడం ఇందులో చిన్న పని. అసలు తలనొప్పంతా ట్యాంకులో ముందునుంచీ ఉన్నవాళ్లతోనే.

ఏంజెల్ కావాలంటే షాపుల్లో ఎక్కువగా ఎంపరర్ పిల్లని చూపిస్తారు. ముదురు నీలం మీద తెల్లటి చుట్లు, చుట్టులో చుట్టు, చూస్తే కళ్లు తిప్పుకోలేం. పెద్దదయ్యేసరికి ఆ చుట్లు పోయి పసుపు, నీలం చారలొస్తాయి, అదీ అందమే, కానీ ఒళ్లు 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. నాలుగడుగుల ట్యాంకులో దాన్ని పెట్టడం పాపం. అందుకే మరుగుజ్జు ఏంజెల్స్‌లో కోరల్ బ్యూటీ, శాస్త్రీయంగా సెంట్రోపైజీ బైస్పినోసా, అదే అనుకున్నా. 10 సెంటీమీటర్లు దాటదు, రాళ్ల మీద నాచు గీక్కుని తింటూ రోజంతా తిరుగుతుంది. ఒళ్లు ఊదా కలిసిన నీలం, పక్కలు నారింజ, వాటి మీద సన్నటి నిలువు గీతలు. పగడాలని పొడుస్తుందన్న పేరు దీనికీ ఉంది, ఒక చేప పొడుస్తుంది, ఇంకోటి ముట్టదు, కొనే ముందు ఎవరూ హామీ ఇవ్వలేరు. నా దగ్గర ఉన్నవి మెత్తటి రకాలే, జోవాంతిడ్లు, మష్రూములు, ఒక లెదర్ కోరల్, అంతే. రాతి పగడాలన్నీ, సీ ఫ్యాన్లు కూడా, వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, వాటి జోలికి నేను పోను, మీరూ పోకండి.

మా బావమరిది చెన్నైలో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ కొళత్తూరులో ఒక షాపు నుంచి తెచ్చిపెట్టాడు. కొనే ముందు షాపతన్ని రెండే అడిగాను. ఒకటి, చేప మేత తింటున్న వీడియో. కొన్ని దేశాల్లో ఇలాంటి చేపల్ని సయనైడ్ చల్లి పట్టడం ఉంది, అలా పట్టిన చేప పైకి బాగానే కనిపించి కొన్నాళ్లకి పోతుంది, అందుకని షాపులో కొన్నాళ్లు ఉండి చక్కగా తింటున్న చేపనే నేను తీసుకుంటాను. రెండు, వాళ్ల నీటిలో ఉప్పు ఎంత ఉందో ఆ అంకె, అంటే మంచినీళ్లతో పోలిస్తే ఆ నీళ్లు ఎన్ని రెట్లు బరువో చెప్పేది. ఈ రెండో ప్రశ్నకి అతను కాస్త విసుక్కున్నాడు గానీ చెప్పాడు, 1.020. నా ట్యాంకులో 1.025. చాలా షాపుల్లో తక్కువే ఉంచుతారు, ఉప్పు ఖర్చు కలిసొస్తుంది, పురుగుల బెడదా కొంత తగ్గుతుంది.

థర్మాకోల్ పెట్టె సీటు కింద పెట్టుకుని కోరమాండల్ ఏసీ బోగీలో వచ్చాడు పాపం. మధ్యలో ఫోను, "బావా, టీటీ అడిగితే ఏటి చెప్పమంటావు?" అని. చేపలని చెప్పు, నిజమే కదా అన్నాను. మా ఎండల్లో మే నెలలో అయితే ఈ సాహసం చేసేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆ సంచి సంగతి, ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది సన్నటి పైపుతో చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు సంచి నీళ్లలో కలుపుతూ గంటా రెండు గంటలు కూర్చుంటారు. పక్క వీధి షాపు నుంచి అరగంటలో తెచ్చిన చేపకి ఫర్వాలేదు. రోజంతా సంచిలో ఉన్న చేపకి మాత్రం అది ప్రమాదం. చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల సంచిలో పీహెచ్ పడిపోతుంది, పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ నీళ్లలో పేరుకున్న అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో ఉంటుంది, దాంతో పెద్ద హాని లేదు. సంచి మూతి విప్పగానే ఆ గ్యాసు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియం కాస్తా అసలు విషంగా మారుతుంది. అంటే మనం ఓపిగ్గా చుక్కలు లెక్కపెడుతున్నంతసేపూ చేప ఆ విషంలోనే ఊపిరాడక ఉంటుందన్నమాట.

అందుకే నేను చేప రాకముందే క్వారంటైన్ ట్యాంకు, అంటే కొత్త చేపని కొన్నాళ్లు విడిగా ఉంచి మందులు వేసే ట్యాంకు, దాని నీళ్లని షాపు అంకెకి, అంటే 1.020కి తెచ్చి ఉంచాను. పెట్టె రాగానే గదిలో ట్యూబులైటు ఆపేసి, సంచిని మూతి కట్టి ఉండగానే వేడి సమానం అయ్యేదాకా నీళ్ల మీద తేలనిచ్చి, విప్పి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో ఒక చుక్క చూసుకుని, వెంటనే చేపని మార్చేశాను. సంచి నీళ్లు చుక్క కూడా ట్యాంకులో పోయలేదు. ఇంకో ముఖ్యమైన మాట, వల వాడకండి. ఏంజెల్ చేపకి చెంప కింద, మొప్ప మూత దగ్గర ఒక ముల్లు వెనక్కి తిరిగి ఉంటుంది, సీతాకోక చేపల నుంచి వీటిని వేరుగా గుర్తుపట్టేదే ఆ ముల్లుతో. అది వలలో చిక్కుకుంటే చేప గింజుకుని చెంప చీరుకుంటుంది. వంటింట్లోంచి తెచ్చిన పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాతో నెమ్మదిగా ఎత్తాను. ఆ డబ్బా మళ్లీ వంటింట్లోకి రాకూడదని మా ఆవిడ ఆర్డరు.

క్వారంటైన్ ట్యాంకంటే పెద్ద హంగామా ఏమీ లేదు. అడుగున ఇసుక లేదు, రాళ్లు లేవు, ఎందుకంటే తర్వాత వేసే కాపర్ (రాగి) మందుని రాళ్లు పీల్చేసుకుంటాయి. దాక్కోడానికి పీవీసీ ఎల్బోలు, ఒక హీటర్, చాలా రోజులు సంప్‌లో నానబెట్టి బ్యాక్టీరియా పట్టించిన స్పాంజి ఫిల్టర్, బ్యాటరీతో కూడా నడిచే ఎయిర్ పంపు. ఈ బ్యాటరీ సంగతి మా ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర ఒడ్డు దాటినప్పుడు కరెంటు ఎన్నాళ్లు లేకుండా ఉన్నామో గుర్తున్నవాడెవడూ ఇన్వర్టర్ ఒక్కదాన్నే నమ్ముకోడు.

మొదట మందు వేయలేదు. తినని చేపకి మందు వేస్తే ఇంకా తినదు. మొదట్లో ఎల్బోలోంచి కళ్లు మాత్రమే కనిపించేవి. కరిగించిన మిసిస్ రొయ్యలు ఒకటి రెండు దాని ముందుకి జారవిడిస్తే ఒకదాన్ని నోట్లో వేసుకుని ఉమ్మేసింది, అది కిందకి జారుతుంటే వెనకాలే వెళ్లి మళ్లీ నోట్లో వేసుకుంది, మళ్లీ ఉమ్మింది, మూడోసారి మింగింది. నాకు అప్పుడు టెన్షన్ సగం దిగింది. తర్వాత నోరి (ఎండు సముద్రపు నాచు) ముక్కని క్లిప్పుకి తగిలిస్తే చిన్నచిన్నగా కొరకడం మొదలెట్టింది. అమ్మ పక్కన నిలబడి చూస్తూ, "అంత డబ్బు పోసి కొన్నావు, గోపాల్‌పూర్ ఒడ్డుకెళ్తే దీనికి పదింతల చేప వస్తాది కదరా" అంది. కాదనలేను.

తిండి కుదిరాక చీలేటెడ్ కాపర్, అంటే నీళ్లలో నిలిచి ఉండే రకం రాగి మందు, ఒక్కసారిగా కాదు, కొన్ని రోజుల మీద కొంచెంకొంచెంగా పెంచుతూ 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) దాటించి 2.5 లోపు ఉంచాను. మరుగుజ్జు ఏంజెల్స్ కాపర్‌ని అంత తేలిగ్గా ఓర్చుకోవు, అంచనా మీద పోసే పని కాదు, కొలిచే మీటర్ లేకపోతే అసలు మొదలుపెట్టొద్దు. సాధారణంగా 30 రోజులు ఆ మోతాదులో ఉంచమంటారు, అలాగే ఉంచాను. ఒంటి మీద ఉప్పు రవ్వల్లా తెల్ల చుక్కలు తెచ్చే మెరైన్ ఇక్, సన్నటి పొడి చల్లినట్టు కనిపించే వెల్వెట్, ఈ రెండు జబ్బులకీ ఇదే మందు. వెల్వెట్ అయితే పొడి కనిపించేలోపే మొప్పలు దెబ్బతిని చేప పోతుంది. కాపర్ ఉన్నప్పుడు అమ్మోనియాని కట్టేసే మందులు కలపకూడదు, నీళ్లు మార్చడమొక్కటే దారి. ఆ తర్వాత మొప్పల్లో ఉండే పురుగులకి ప్రాజిక్వాంటెల్. ఇవన్నీ అయ్యాక కార్బన్‌తో కాపర్ లాగేసి, ఉప్పు రోజుకి కొంచెం చొప్పున 1.025కి పెంచాను. ఉప్పు తగ్గితే చేప తట్టుకుంటుంది గానీ, గబుక్కున పెరిగితే తట్టుకోలేదు.

ఇక పాతకాపు. సిక్స్ లైన్ రాస్ నా చూపుడు వేలంత కూడా ఉండదు, ట్యాంకు మొత్తం తన పేరున రిజిస్టర్ అయినట్టు తిరుగుతుంది. ఏంజెల్‌ని చిల్లుల అక్రిలిక్ పెట్టెలో పెట్టి పెద్ద ట్యాంకులో వేలాడదీశాను. అందరూ చెప్పే పద్ధతే, రెండూ ఒకదాన్నొకటి చూసుకుని చల్లబడతాయని. క్లౌన్లు ఒకసారి వచ్చి చూసి వెళ్లిపోయాయి, ఫైర్‌ఫిష్‌కి దేనితోనూ పని లేదు. రాస్ మాత్రం పెట్టె చుట్టూ రెక్కలు విప్పుకుని తిరగడం, చిల్లులకి మూతి ఆనించి పొడవబోవడం, మేత వేసినా సగం తిని మళ్లీ వచ్చి అక్కడే కాపలా. రోజులు గడిచినా తగ్గలేదు. పైగా దాన్ని చూసి ఏంజెల్ తిండి తగ్గించింది, పెట్టె మూలకి నక్కింది.

అప్పుడు ఖైదీని మార్చాను. నీళ్ల సీసా మూతి వైపు కోసి, ఆ ముక్కని లోపలికి తిరగేసి బిగించి, లోపల మిసిస్ పెట్టి రాళ్ల దగ్గర పడుకోబెట్టాను. రాస్ తిండిపోతు, దూరింది, బయటికి దారి తెలియలేదు. దాన్ని తీసి పెట్టెలో వేసి, రాళ్లు రెండు మూడు చోట్ల అటూ ఇటూ మార్చి, సాయంత్రం లైట్లు ఆరాక ఏంజెల్‌ని వదిలాను. రాళ్లు మారితే ఎవరి అడ్డా ఎక్కడో పాతవాళ్లకీ తెలియదు, అందరూ మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి. పొద్దున్న చూస్తే ఏంజెల్ వెనక వైపు రాళ్ల కింద ఒక సొరంగం చూసుకుని, నాచు గీకుతూ ఒక చివరి నుంచి ఇంకో చివరికి తిరిగేస్తోంది. రాస్ పెట్టెలోంచి చూస్తోంది, చేయగలిగిందేమీ లేదు.

దానికి మేత పెట్టెలోనే వేస్తూ, ఏంజెల్ ముందు వైపుకి ధైర్యంగా వచ్చి మేత తినేదాకా ఆగి, అప్పుడు విడిచిపెట్టాను. మొదటి పూట రెండుసార్లు తరిమింది. ఏంజెల్ పారిపోలేదు, పక్కకి తిరిగి ఒళ్లు వెడల్పుగా చూపించి నిలబడింది. చెప్పాను కదా ఆ చెంప ముల్లు గురించి, రాస్‌కి అది తెలిసినట్టే ఉంది. ఇప్పుడు మేత వేళ ఒకసారి ముక్కు చిట్లించుకోవడం తప్ప గొడవ లేదు. నా మాటయితే ఇంట్లో రాస్‌గానీ డామ్సెల్‌గానీ ఉన్నవాళ్లు ముందు దాన్ని పట్టుకునే సీసా తయారు చేసుకుని, ఆ తర్వాత ఏంజెల్‌కి డబ్బు కట్టండి.

పగడాల సంగతికొస్తే, జోవాంతిడ్లని ఇప్పటిదాకా ముట్టలేదు. లెదర్ కోరల్‌ని అప్పుడప్పుడు ఒక పోటు పొడుస్తుంది, అది కాసేపు ముడుచుకుని మళ్లీ విచ్చుకుంటుంది. నోరి పొద్దున్నే తగిలించిన రోజుల్లో ఆ పోట్లు తక్కువ, అందుకని ఆఫీసుకెళ్లే ముందు క్లిప్పు చూసుకోవడం అలవాటైంది. అక్రిలిక్ పెట్టె ఖాళీగానే ఉంది, పర్లాకిమిడి మిత్రుడు అడిగాడు, ఆదివారం వచ్చి పట్టుకెళ్తానన్నాడు. కాపర్ తగిలిన స్పాంజి, గొట్టాలు మాత్రం అడగొద్దని చెప్పాను, వాటిని పొరపాటున రీఫ్ ట్యాంకులో వేస్తే రొయ్యలు, నత్తలు ఒక్కటీ మిగలవు.