ముందు మంట, తర్వాతే క్యాప్సైసిన్

ఎండాకాలం ఏ చలివేంద్రం దగ్గరైనా ఆగి ఈ ప్రశ్న వేయండి. పడమటి గాలి కొట్టే 42 డిగ్రీల రోజున కుండనీళ్ళు ఎక్కువ చల్లగా ఉంటాయా, లేక 36 డిగ్రీలే ఉండి ఉక్కపోసే రోజునా? చాలామంది రెండోదే అంటారు, ఎండ తక్కువ కదా అని. ఏళ్ళ తరబడి ఇంట్లో కుండ వాడిన పెద్దావిడ ఎవరైనా అక్కడుంటే మాత్రం ఒప్పుకోదు. వాదన మొదలవుతుంది. భౌతికశాస్త్రం చెప్పడానికి ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు.

సైన్సు సరదాగా చెప్దామని వచ్చి బోర్డు మీద ముందు పేరు రాసేస్తారు చాలామంది. "బాష్పీభవన గుప్తోష్ణం" అని రాయగానే హాల్లో సగం మంది పదో తరగతి పరీక్షలోకి, మిగతా సగం ఫోన్లోకి వెళ్ళిపోతారు. పేరు చివర్న రావాలి. ముందు పందెం, ఆ తర్వాత కుండ, తూకం, లెక్క. అంతా అయ్యాక "దీన్ని ఏమంటారండీ" అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పండి.

కుండ సంగతి. రెండు లీటర్లు పట్టే మట్టికుండలు రెండు తెచ్చుకోండి, ఒకే చోట కాల్చినవైతే మేలు. ఒకదానికి, తడి బయటికి రాకుండా, బయటంతా ఆయిల్ పెయింట్ రెండు పూతలు వేసి రెండు రోజులు ఆరనివ్వాలి. రెండోదాన్ని ముందురోజు రాత్రే నీళ్ళలో నానబెట్టాలి. కొత్త కుండ గోడ నీళ్ళు పీల్చి, తడి బయటి దాకా రావడానికి గంటలు పడుతుంది. నానబెట్టడం మరిచిపోయారో, అందరి ముందూ కుండ పొడిగా నిలబడి పరువు తీస్తుంది. రెండింట్లోనూ ఒకే బకెట్లోంచి ఒకటిన్నర లీటరు చొప్పున నీళ్ళు పోసి, మూతలు పెట్టి, నీడలో గాలి ఆడే చోట ఉంచండి. ఒక గ్రాము తేడా చూపించే వంటింటి కాటా ఒకటి, పుల్లలాంటి ముక్కున్న డిజిటల్ థర్మామీటర్లు రెండు కావాలి. జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, 32 డిగ్రీల కింద అది అంకె చూపించదు.

కుండని కాటా మీదే వదిలేయకండి. కాసేపటికి కాటా తనంతట తానే ఆగిపోతుంది, ఫ్యాను గాలికి అంకెలు ఊగుతాయి. అరగంటకోసారి ఎత్తి తూచి, అంకె పెద్దగా బోర్డు మీద రాయండి. కుండ కింద ఒక స్టీలు పళ్ళెం పెట్టి, పళ్ళెంతో సహా తూచాలి. అడుగు నుంచి కారిన చుక్కలు ఆవిరైన లెక్కలో పడితే మొత్తం తప్పుతుంది.

ఇక లెక్క. ఈ వేడిలో ఒక గ్రాము నీరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 జౌల్స్ వేడి కావాలి (వేడిని కొలిచే కొలత జౌల్). రెండు గంటల్లో 50 గ్రాములు తగ్గిందనుకుందాం. అంటే 1,20,000 జౌల్స్ పోయినట్టు. ఒకటిన్నర కిలో నీళ్ళు ఒక డిగ్రీ చల్లబడాలంటే 6,300 జౌల్స్ తీసేయాలి. భాగిస్తే 19 డిగ్రీలు వస్తుంది. థర్మామీటర్ మాత్రం అంత తేడా చూపించదు. ఇక్కడ గొంతు సవరించుకుని ముందుకెళ్ళిపోయే వక్తలుంటారు. అసలు రుచి ఇక్కడే ఉంది. మిగతా చల్లదనం ఎటు పోయిందో జనాన్నే అడగండి. కుండ ఒక చేత్తో వేడిని బయటికి తోడుతుంటే, చుట్టూ ఉన్న వేడిగాలి ఇంకో చేత్తో లోపలికి పోస్తూనే ఉంది. మట్టి గోడని కూడా చల్లబరచాలి, ఆ ఖర్చు మన లెక్కలో లేదు. తోడేదీ పోసేదీ సమానమైన దగ్గర నీళ్ళు ఆగిపోతాయి, అంతకంటే చల్లబడవు.

ఎక్కడ ఆగాలో చెప్పేది గాలిలోని తేమ. 42 డిగ్రీల ఎండలో తేమ 25 శాతమే ఉంటే, తడి వస్తువు చల్లబడగల హద్దు సుమారు 26 డిగ్రీలు. 36 డిగ్రీలే ఉండి తేమ 65 శాతం ఉంటే ఆ హద్దు సుమారు 30. పెద్దావిడ చెప్పిందే నిజం. థర్మామీటర్ ముక్కుకి తడిపిన నూలుగుడ్డ చుట్టి, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఉంచితే ఆ హద్దుకి దగ్గరి అంకె కళ్ళ ముందే కనిపిస్తుంది. పక్కన పొడి థర్మామీటర్ కూడా పెట్టండి, లేకపోతే తేడా ఎవరికీ తెలీదు. రోహిణి కార్తెలో హాయిగా పనిచేసిన కూలరు వానలు మొదలయ్యే ముందు ఉక్కపోతలో ఎందుకు చేతులెత్తేస్తుందో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

ఆవిరైతే చల్లబడటం ఎందుకని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. విజయవాడ, గుంటూరుల్లో దీనికి పోలిక వెతుక్కోనక్కర్లేదు. ఇంటర్ కాలేజీలో ఒక సెక్షన్లోని ర్యాంకర్లందరినీ ఏరి వేరే క్యాంపస్‌కి పంపేస్తే మిగిలిన సెక్షన్ సగటు మార్కులు పడిపోతాయి, ఎవరికీ ఒక్క మార్కు తగ్గకపోయినా. నీళ్ళలో వేగంగా కదిలే అణువులే ముందు బయటపడతాయి, మిగిలినవాటి సగటు పడిపోతుంది. ఆ సగటునే మనం ఉష్ణోగ్రత అంటున్నాం. పోలిక ఎక్కడ చెడుతుందో కూడా వెంటనే చెప్పాలి: నీళ్ళలో ఒకదాన్నొకటి ఢీకొంటూ కొత్త ర్యాంకర్లు నిమిష నిమిషానికీ తయారవుతూనే ఉంటారు. ఈ మాట దాచిపెడితే తెలివైన పిల్లాడు ఎవడో అడిగి ఇరకాటంలో పెడతాడు.

ఇక్కడి నుంచి ఒంట్లోకి వెళ్ళడం తేలిక. చర్మం సుమారు 35 డిగ్రీలుంటుంది. బయట 42 ఉన్నప్పుడు గాలి మనల్ని వేడెక్కిస్తుందే తప్ప చల్లబరచదు. వేడి బయటికి పోవడానికి మిగిలిన దారి చెమట ఒక్కటే. అది కూడా ఆరితేనే. ఉక్కపోతలో చొక్కా తడిసి కారిపోయే చెమటతో నీరూ ఉప్పూ పోతాయి, చల్లదనం మాత్రం రాదు.

గుంటూరు వైపు మనుషులకి జీవశాస్త్రం మిరపకాయతో మొదలుపెట్టాలి. ముందు పందెం: కారం ఎక్కడుంటుంది? "గింజల్లో" అంటారు అందరూ. పచ్చిమిరపకాయని నిలువుగా చీల్చి చూపించండి. గింజలు అతుక్కుని ఉన్న తెల్లటి మెత్తని కండ ఉంటుంది చూడండి, క్యాప్సైసిన్ అనే పదార్థం తయారయ్యేది ప్రధానంగా అక్కడే. దాన్ని తాకి తాకి గింజలకి అంటుతుంది. కోసేటప్పుడు పల్చటి చేతితొడుగు వేసుకోండి. కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఆ రోజు కార్యక్రమం అక్కడికి సరి.

రెండు గాజుగ్లాసులు తీసుకుని ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో నూనె, వంద మిల్లీలీటర్ల చొప్పున పోసి, చెంచాడు కారం కలిపి పావుగంట ఆగండి. నూనె ఎర్రబడుతుంది, నీళ్ళలో చాలావరకు కారం తేలుతూ మునుగుతూ ఉండిపోతుంది. ఆవకాయ మీద తేరిన ఎర్రనూనె ఇదే. ఇక్కడ జారిపడే చోటొకటుంది: ఎరుపు వేరు, కారం వేరు. రెండూ నూనెలో కరిగేవే కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకుంటాం. బ్యాడిగ మిరపకి రంగెక్కువ, కారం తక్కువ. ఈ మాట మిర్చి యార్డుకి కాయ తెచ్చే రైతుకి మనం చెప్పేది కాదు, ఆయన్ని అడిగి చెప్పించుకోవాల్సింది.

రుచి ప్రయోగం పెద్దవాళ్ళతోనే చేయండి. కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవాళ్ళు పక్కన కూర్చోవాలి. వంద గ్రాముల అన్నంలో రెండు గ్రాముల కారం, కాస్త ఉప్పు కలిపి నిమ్మకాయంత ముద్దలు చేయండి. మూడు జట్లు: ఒకరికి నీళ్ళు, ఒకరికి చిక్కటి మజ్జిగ, ఒకరికి ఏమీ ఇవ్వకూడదు. ఆ మూడో జట్టు పాపం కూర్చుని మండిపోవాల్సిందే, ఎందుకంటే మంట కొన్ని నిమిషాల్లో తనంతట తానే తగ్గుతుంది. వాళ్ళు లేకపోతే మజ్జిగ గొప్పతనమెంతో, కాలం చేసిన పని ఎంతో తేలదు. నీళ్ళూ మజ్జిగా ఒకే చల్లదనంలో ఉండాలి. మజ్జిగ ఫ్రిజ్‌లోంచీ నీళ్ళు కుళాయిలోంచీ వస్తే గెలిచింది ఫ్రిజ్జే. పల్చటి నీళ్ళమజ్జిగ కూడా వద్దు, క్యాప్సైసిన్‌ని పట్టుకుని లాక్కెళ్ళే పాల మాంసకృత్తు కేసిన్ అందులో బాగా తక్కువ.

ఇప్పుడు అసలు ముడి విప్పండి. నోట్లో, చర్మంలో నరాల కొసల్లో ఒక తలుపుంది. సుమారు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ కూడా ఆ తలుపునే తెరుస్తుంది. మిరపకాయ మంటకీ నిప్పు మంటకీ తెలుగులో ఒకటే మాట. 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం ఆ తలుపుని పట్టుకుంది, 2021లో ఆయనకి ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి నోబెల్ వచ్చింది. దాని పేరు టీఆర్‌పీవీ1. చూశారా, పేరు ఎంత ఆలస్యంగా వచ్చినా పర్వాలేదు. క్యాప్సైసిన్ తగిలాక ఆ తలుపు ఇంకా తక్కువ వేడికే తెరుచుకుంటుంది. అందుకే మిర్చి బజ్జీ మీద వేడి టీ తాగితే ప్రాణం పోయినట్టుంటుంది. చిలకల్లో ఈ తలుపు క్యాప్సైసిన్‌కి పలకదు, అవి మిరపపళ్ళు జామపళ్ళలా తింటాయి. కారం తిన్నవాడి నుదుటి మీద చెమట పడుతుంది, ఏ నిప్పూ లేకపోయినా. ఆ చెమట ఏం చేస్తుందో కుండ దగ్గర చూసినవాళ్ళకి చెప్పే పని లేదు.

చివర్లో పదిహేను నిమిషాలు మిగిలితే చక్కెరకేళి పండు సగం తీసుకుని డీఎన్‌ఏ చూపించొచ్చు. పండు మెదిపి, వంద మిల్లీలీటర్ల నీళ్ళు, అర చెంచా ఉప్పు, రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నెమ్మదిగా కలపండి. నురగ వస్తే ఏమీ కనపడదు. పది నిమిషాలాగి గుడ్డలో వడకట్టి, ముందే ఫ్రీజర్లో పెట్టిన సర్జికల్ స్పిరిట్ అంతే కొలత గ్లాసు గోడ వెంట జారవిడవండి. మధ్యలో తెల్లటి పోగులు తేలతాయి. "ఇదే డీఎన్‌ఏ" అనేయకండి, అందులో పెక్టిన్ అనే పండు జిగురు, మాంసకృత్తులు కూడా ఉంటాయి, "ఇందులో డీఎన్‌ఏ ఉంది" అనండి. ఇంకొకటి. మన సభలన్నీ జ్యోతి ప్రజ్వలనతోనే మొదలవుతాయి, ఆ దీపం సాయంత్రం దాకా వేదిక మీదే వెలుగుతూ ఉంటుంది. స్పిరిట్ సీసా మూత తీసేముందు దాన్ని అవతలి గదిలో పెట్టించండి.