సమాధి తవ్వినవారి పేరు

నాన్న అమెరికా వచ్చిన ప్రతిసారీ ఆయనకు ఏం చూపించాలో తెలియక తల పట్టుకుంటాం. ఎత్తయిన భవనాల ముందు నిలబెడితే మెడ నొప్పి అంటారు. జలపాతం దగ్గరికి తీసుకెళ్తే ఐదు నిమిషాలు చూసి, "ఇన్ని నీళ్ళు వృథాగా పోతున్నాయే" అని బాధపడతారు. రాయలసీమ రైతుకు జలపాతం చూపించడం మాదే తప్పు. అందుకని ఈసారి మాంటిచెల్లోకు తీసుకెళ్ళాం. రిచ్‌మండ్‌లో మా ఇంటి నుంచి గంటకు కాస్త పైగా ప్రయాణం. అమెరికా మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కొండ మీద కట్టుకున్న ఇల్లు అది.

ఇంట్లో నాన్న మర్యాదకు అన్నీ చూశారు. గడియారాలు, పుస్తకాలు, గోడలో దూర్చిన మంచం. కొండ దిగే దారిలో ఇనుప కంచె వెనక సమాధులు కనిపించాక మాత్రం ఆయన నడక మారింది. చేతికర్ర కంచెకు ఆనించి రెండు చేతులతో ఊచలు పట్టుకున్నారు.

"ఇంటివాళ్ళను ఇంటి భూమిలోనే పెట్టుకున్నారే!"

ఆ మాటలో ఉన్నది ఆశ్చర్యం కాదు, చుట్టరికం. మా చేలో బావిగట్టున వేపచెట్టు కింద నాలుగు సమాధులున్నాయి. ముత్తాత, ముత్తవ్వ, తాత, అవ్వ. వాటి పక్కన పేరు లేని చిన్న రాయి ఒకటి ఉంది, రెండేళ్ళ వయసులో అమ్మవారు పోసి పోయిన నాన్న తమ్ముడిది. సంక్రాంతికి సమాధులకు సున్నం కొట్టి, గూట్లో దీపం పెట్టి, కొత్త బట్టలు పెట్టి వస్తారు. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడల్లా పిల్లలిద్దరినీ అక్కడికి తీసుకెళ్తాను. "వీళ్ళు మన పెద్దలు, దండం పెట్టుకోండి" అంటాను. ఇక్కడి పిల్లలకు తెలుగుతనం ఎలా అందించాలి అని తల్లులందరం చర్చించుకున్నప్పుడల్లా నేను గర్వంగా చెప్పే ఉదాహరణ ఆ వేపచెట్టే.

కంచెకున్న పలకను మా పాప తాతయ్యకు తెలుగులో చెప్పింది. జెఫర్సన్, డాబ్నీ కార్ అనే ఇద్దరు స్నేహితులు కుర్రతనంలో ఇక్కడున్న పెద్ద ఓక్ చెట్టు కింద కూర్చునేవారట. ఎవరు ముందు పోతే రెండోవారు వాళ్ళను ఆ చెట్టు కిందే పూడ్చాలని ఒప్పందం. తర్వాత కార్ జెఫర్సన్ చెల్లెలిని పెళ్ళి చేసుకున్నాడు. 1773 మేలో, ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయాడు. ఆ సమయానికి జెఫర్సన్ ఊళ్ళో లేడు. వేరేచోట పూడ్చిన శరీరాన్ని తిరిగొచ్చాక ఇక్కడికి మార్పించాడు. ఈ శ్మశానంలో మొదటి సమాధి అదే.

"బావాబావమరదుల మాట అన్నమాట," అన్నారు నాన్న తృప్తిగా. "నిలబెట్టుకున్నాడు."

తర్వాత వచ్చినవి ఎక్కువగా చిన్న వయసు చావులే. జెఫర్సన్ భార్య మార్తా 1782లో పోయింది. ఆరుగురు పిల్లల్లో పెద్దయినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరిలోనూ ఒకమ్మాయి పాతికేళ్ళకే వెళ్ళిపోయింది. "మా అమ్మకు తొమ్మిది కాన్పులు," అని మాత్రం అన్నారు నాన్న. చిన్న రాయి గుర్తొచ్చి ఉంటుంది.

జెఫర్సన్ స్తంభం దగ్గర బాబు ఐదు సెంట్ల బిళ్ళను కంచెలోంచి లోపలికి విసిరాడు. ఆ బిళ్ళకు ఒకవైపు జెఫర్సన్ తల, మరోవైపు ఈ ఇల్లే ఉంటాయి. గోదావరి వంతెన మీద రైలు వెళ్తుంటే డబ్బులు వేసినట్టే, తప్పేం లేదన్నారు నాన్న. స్తంభం మీద ఏం రాయాలో జెఫర్సనే రాసిపెట్టుకున్నాడు: స్వాతంత్ర్య ప్రకటన రచయిత, వర్జీనియా మత స్వేచ్ఛా చట్టం రచయిత, వర్జీనియా విశ్వవిద్యాలయ పితామహుడు. ఇంతే, ఒక్క మాట ఎక్కువ వద్దన్నాడు. అధ్యక్ష పదవి ఊసే లేదు. నాన్నకు ఇది నమ్మబుద్ధి కాలేదు. "మన ఊళ్ళో వార్డు మెంబరు సమాధి మీద కూడా పదవి చెక్కిస్తారు కదే!"

రాయికి విలువ లేకపోతే ఎవరూ పాడుచేయరని ముతక రాయే చాలన్నాడట. జనం జ్ఞాపకానికని ముక్కలు కొట్టుకుపోయారు. ఇప్పుడున్నది 1880లలో ప్రభుత్వం పెట్టించిన పెద్ద స్తంభం. పాతది మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఉంది.

పుట్టిన తేదీ దగ్గర కాసేపు ఆగాం. ఏప్రిల్ 2, 1743 అని ఉంది, పక్కన "పాత లెక్క" అని సూచించే రెండు అక్షరాలు. 1752లో బ్రిటన్ తన క్యాలెండర్‌ను 11 రోజులు ముందుకు జరిపింది. ఆ లెక్కన అది ఏప్రిల్ 13 అవుతుంది. రెండు పుట్టినరోజులా అని బాబు నవ్వాడు. "నాకు మూడు," అన్నారు నాన్న. తిథి ఒకటి, తేదీ ఒకటి, బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు తనకు తోచినట్టు వేసిన జులై 1 ఒకటి. ఎన్నాళ్ళుగానో తిథి అంటే ఏమిటో చెప్పాలని తంటాలు పడుతున్నాను. జెఫర్సన్ రెండు అక్షరాలతో పని పూర్తిచేశాడు.

బాబుకు లెక్కలంటే ప్రాణం. వాడికోసం నేను ఎప్పుడో చదివిన సంగతి ఒకటి చెప్పాను. చెప్పకుండా ఉంటే ఆ రోజు హాయిగా ఇంటికి వచ్చేవాళ్ళం.

బావమరిదికోసం ఈ స్థలం చదును చేయించిన రోజు జెఫర్సన్ తన పుస్తకంలో ఒక లెక్క రాసుకున్నాడు. 80 అడుగుల చదరపు స్థలం, అంటే ఎకరంలో ఏడో వంతు. ఇద్దరు కలిసి పొదలూ వేళ్ళూ తవ్వి తీయడానికి మూడున్నర గంటలు పట్టింది. ఒక్కడే చేస్తే ఏడు గంటలు. ఎకరానికి 49 గంటలు, అంటే నాలుగు రోజుల పని.

బాబు ఏడేళ్ళ నలభైతొమ్మిది అని సరిచూసుకున్నాడు. నాన్న మెచ్చుకోలుగా తలూపారు. "దుఃఖంలో కూడా లెక్క తప్పలేదు. రైతంటే అట్లా ఉండాలి." నాన్న స్వయంగా యాభై ఏళ్ళుగా ఖాతా పుస్తకం రాస్తున్న మనిషి.

"ఆ ఇద్దరి పేర్లేమిటి?" అంది పాప.

లెక్కలో పేర్లు లేవు. ఇంగ్లీషులో ఆయన రాసింది "ఇద్దరు మనుషులు" అని కూడా కాదు, "చేతులు" అని. పనివాళ్ళను అలా అనడం ఆ భాషలో మామూలే. జెఫర్సన్ జీవితకాలంలో ఆరు వందల మందికి పైగా ఆయనకు బానిసలుగా ఉన్నారు.

ఆ ఇద్దరి పేర్లు తెలియకపోయినా, 53 ఏళ్ళ తర్వాత జెఫర్సన్‌కు గొయ్యి తవ్వినవారి పేరు తెలుసు. వర్మ్‌లీ హ్యూస్, ఆ ఇంటి తోటమాలి, బానిస. శవపేటిక చేసినవారు జాన్ హెమింగ్స్, ఆ ఇంటి వడ్రంగి. 1826 జులై 4న యజమాని పోయాడు, ఆరు నెలల తర్వాత అప్పులు తీర్చడానికి 130 మందిని వేలం వేశారు. హ్యూస్‌ను జెఫర్సన్ కూతురు బానిసత్వం నుంచి వదిలిపెట్టింది కానీ, ఆయన భార్యాపిల్లలు వేలంలో అమ్ముడుపోయారు. కంచె లోపల ఎంత వెతికినా హ్యూస్ పేరున్న రాయి మాకు కనిపించలేదు.

కొండ దిగువన, కార్లు నిలిపే చోటు పక్కనే బానిసల శ్మశానం ఉంది. నలభైకి పైగా సమాధులు. కొన్నిచోట్ల తలదగ్గర, కాళ్ళదగ్గర పొలంలో దొరికే మామూలు రాళ్ళు పాతి ఉన్నాయి, వాటిమీద అక్షరం లేదు. మిగతాచోట్ల నేల కొద్దిగా కుంగి ఉంది, అంతే. నాన్న ఆ గుంతల మధ్య జాగ్రత్తగా చూసుకుంటూ అడుగులు వేశారు. మా చేలో చిన్న రాయి చుట్టూ నడిచేటప్పుడు కూడా ఇలాగే నడుస్తారు.

పైనున్న కంచె తాళం జెఫర్సన్ వారసుల సంఘం చేతిలో ఉంది, ఇప్పటికీ ఆ కుటుంబంవాళ్ళను అక్కడే పూడుస్తారు. ఆయన పిల్లలను కన్న బానిస శాలీ హెమింగ్స్ వంశంవాళ్ళు తమనూ చేర్చుకోమని అడిగారు. 1998లో డీఎన్‌ఏ పరీక్ష వాళ్ళ మాటకు బలం ఇచ్చింది కూడా. అయినా 2002లో సంఘం ఓటు వేసి మరీ కాదంది. దాయాదుల గొడవలు మన ఊళ్ళ సొత్తు అనుకునే నాన్నకు ఈ కథ బాగా ఎక్కింది. దారి పొడవునా దాని గురించే మాట్లాడారు.

కారు సగం దూరం వచ్చాక పాప ముందుకు వంగింది. "తాతయ్యా, మన చేలో మీ నాన్నగారి సమాధి ఎవరు తవ్వారు?"

"ఎవరో కూలివాళ్ళమ్మా. పాలేరు ఉండేవాడు, వాడూ, వాడితో ఇంకొకడూ."

"ఆయన మీకన్నా చిన్నవాడా?"

"నాకన్నా పదేళ్ళు పెద్దవాడు."

"మరి వాడు అంటున్నారేమిటి?"

నేను రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. ఈ పిల్లకు నువ్వు, మీరు నేర్పడానికి నేను పడిన పాట్లు నాకే తెలుసు. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట. తెలుగులో అలా కాదు, పెద్దవాళ్ళను మీరు అనాలి, వారు అనాలి, అది మన సంస్కారం అని ఐదేళ్ళ వయసునుంచి నూరిపోశాను. బస్సు డ్రైవరును కూడా "వచ్చారు" అంటుంది పాప. నేర్పిన నియమాన్ని ఉన్నదున్నట్టు పాటించే పిల్ల. ఆ నియమానికి ఊళ్ళో ఒక గీత ఉందని, ఆ గీతకు అవతలున్నవాళ్ళ వయసు లెక్కలోకి రాదని నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పలేదు అనడం కన్నా, నా నోటికీ ఆ మాట అలవాటే కాబట్టి నాకు తట్టలేదు అనడం నిజం.

"అప్పట్లో అలా అనేవాళ్ళు," అన్నారు నాన్న. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

పాలేరుతనం, బానిసత్వం ఒకటి కావని నాకు తెలుసు. మా తాత ఎవరినీ వేలం వేయలేదు. ఆ తేడా రాత్రి పాపకు చెప్పబోయాను. చెబుతున్నంతసేపూ అది వివరణలా కాక వకాల్తాలా వినిపించి, సగంలో ఆపేశాను. ఇక్కడి బడిలో ఇక్కడి చరిత్రను నిలదీయడం పిల్లలకు నేర్పుతుంటే మనం మెచ్చుకుంటాం. అదే ప్రశ్న మన వేపచెట్టు వైపు తిరిగితే సంస్కృతి తెలియని పిల్లలంటాం. నా వరకు నేను ఈ రెండూ చేశాను.

మర్నాడు నాన్న నాతో చెప్పకుండానే ఊళ్ళో మా అన్నయ్యకు ఫోను చేశారు. ట్రంకుపెట్టెలో 1987 ఖాతా పుస్తకం తీసి ఫొటో పంపమన్నారు. తాత పోయిన సంవత్సరం అది. సాయంత్రానికి ఫొటో వచ్చింది. నాన్న చేతిరాతే, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇటుకలు 800. సిమెంటు 6 బస్తాలు. మేస్త్రీ పేరు, ఇంటిపేరుతో సహా. దాని కింద: "గుంత తవ్వకం, కూలీలు ఇద్దరు, ఒక పూట."

అదే ఫొటోలో పక్క పేజీ కూడా పడింది. ఎద్దులకు తెలగపిండి కొన్న లెక్క. అక్కడ రాముడు, భీముడు అని రెండు ఎద్దుల పేర్లూ ఉన్నాయి.

నాన్న ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. పాప కూడా చూసింది. దానికి గుండ్రటి చేతిరాత చదవడం ఇంకా కష్టమే. "కూలీలు ఇద్దరు" దగ్గర వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది, ఏమీ అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

పాలేరు పేరు నాన్నకు గుర్తుంది. నాకూ గుర్తుంది, చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని బావిదాకా తీసుకెళ్ళినవారు. రెండో మనిషి పేరే ఇద్దరికీ రాలేదు. పాలేరు కొడుకు హైదరాబాదులో ఉంటారు, ఆయన నంబరు అన్నయ్య దగ్గర దొరికింది. ఆదివారం ఉదయం, అంటే అక్కడ సాయంత్రం, నాన్న ఫోను చేసి స్పీకరు పెట్టారు. క్షేమసమాచారాలయ్యాక, "మీ నాన్న..." అని ఆగి, "మీ నాన్నగారితో ఆ రోజు సమాధి తవ్వినది ఎవరు?" అని అడిగారు.

"మా పెదనాన్న," అన్నారు అవతలినుంచి వెంటనే. పేరు చెప్పారు. పాప రాసుకుంటోందని తెలిసి ఒక్కో అక్షరం విడదీసి మళ్ళీ చెప్పారు. వాళ్ళిద్దరి సమాధులూ ఊరవతల వాళ్ళ శ్మశానంలోనే ఉండేవట. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం స్థలం పోయిందట, వాళ్ళ నాన్నగారిది పోయిన సగంలో ఉందట. ఆ మాట ఆయన మామూలుగానే చెప్పారు.

తర్వాత ఇటూ అటూ మాటల్లేవు. లైను తెగిందేమోనని నేను ఫోను వైపు వంగాను.

"ఇన్నేళ్ళకు ఎందుకు అడుగుతున్నారయ్యా?" అన్నారాయన.

నాన్న నావైపు చూశారు. ఆ తర్వాత ఫోను పాప చేతికి ఇచ్చారు.