హోర్యూజి నుంచి ఇసే దాకా: కర్ర గుళ్ళ యాత్ర

రాతి గుళ్ళు చూస్తూ పెరిగినవాళ్ళకు హోర్యూజి ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. నారా ఊరికి దగ్గర్లో ఉన్న ఈ బౌద్ధాలయాన్ని 607లో షోతోకు యువరాజు కట్టించాడని చెబుతారు. 670లో అది కాలిపోయింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లో మళ్ళీ లేపిన కొందో అనే ప్రధాన మందిరం, ఐదంతస్తుల గోపురం (పగోడా) ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. లోకంలో మిగిలిన కర్ర కట్టడాల్లో వీటికన్నా పాతవి లేవు. అమ్మ నా దగ్గరికి ఒసాకా వస్తోందనగానే ముందు హోర్యూజి, తర్వాత సూర్యదేవత ఆలయమున్న ఇసే అనుకున్నాను. క్యోటో అందంగా ఉంటుంది, కాదనను. కానీ ఒక గుడి వందల ఏళ్ళు ఎలా బతుకుతుందో తెలియాలంటే ఈ రెండూ చూడాలి.

మధ్య ద్వారం దగ్గరే అమ్మ ఆగిపోయింది. స్తంభాలు నడుము దగ్గర కాస్త లావుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే కర్రలో అక్కడక్కడా అతుకులు. స్తంభమంతా మార్చకుండా, పుచ్చిన మేరకే ఉలితో తీసేసి, సరిగ్గా అదే కొలతకు కోసిన కొత్త ముక్కను అందులో కూర్చారు. కొత్త ముక్క చారలు పాత కర్ర చారలతో కలిసిపోయేలా చూసుకున్నారు. ఎవరు చేశారో పేరు ఉండదు. ఆ అతుకుల ముందు నిలబడితే నాకు దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను.

ఈ కర్ర హినోకి, సైప్రస్ జాతి. నరికాక కూడా 200 ఏళ్ళ దాకా దాని బలం పెరుగుతుందని, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుందని కర్ర మీద పరిశోధించిన కొహారా జిరో అధ్యయనంలో తేలింది. దానితో ఎలా మెలగాలో తరతరాలుగా తెలిసిన హోర్యూజి వడ్రంగుల కుటుంబంలో పుట్టినవాడు నిషియోకా త్సునెకాజు (1908-1995). కొండకు దక్షిణం వైపు పెరిగిన మానును గుడికి దక్షిణానే, ఉత్తరం వైపు మానును ఉత్తరానే వాడాలన్నది వాళ్ళు పాటించే నియమం. వాడకంలో లేకుండా పోయిన ఈటె మొన లాంటి పాత చిత్రికను ఆయన మళ్ళీ చేయించి, దానితోనే పని చేశాడు.

గోపురం ఎత్తు సుమారు 32 మీటర్లు. లోపల నడిమధ్యన ఒక స్తంభం కింది నుంచి పై దాకా పోతుంది. అంతస్తుల కప్పుల బరువు దాని మీద పడదు, శిఖరాన్ని మాత్రం మోస్తుంది. చెట్టు వలయాలు లెక్కపెట్టి చూస్తే ఆ మానును నరికింది 594లో అని తేలింది. గుడి పుట్టకముందే నరికిన చెట్టన్నమాట! అది ఈ గోపురంలోకి ఎలా వచ్చిందో పండితులు వాదించుకుంటూనే ఉన్నారు.

కింది అంతస్తులో నాలుగు వైపులా 711 నాటి మట్టి బొమ్మలున్నాయి. ఉత్తరం వైపు బుద్ధుడి నిర్యాణం. జాలీలోంచి చూడాలి, లోపల వెలుతురు తక్కువ. కళ్ళు అలవాటు పడ్డాక శిష్యులు కనిపించారు. ఒకాయన గుండె బాదుకుంటున్నాడు, ఇంకొకాయన నోరు తెరిచి మొహం పైకెత్తి ఏడుస్తున్నాడు. అమ్మ చాలాసేపు కదల్లేదు.

"మనింట్లో మనిషి పోతే ఏడ్చినట్టే ఉందిరా," అంది.

1949 జనవరి 26న కొందోలో మంటలు లేచాయి. మరమ్మతు కోసం పై భాగం ముందే విప్పి పెట్టారు కాబట్టి అది దక్కింది. లోపలి గోడల మీది బొమ్మలు మాత్రం మాడిపోయాయి. అజంతా చిత్రాలతో పోల్చి చెప్పే బొమ్మలవి. మరుసటి ఏడాదే జపాన్ సాంస్కృతిక సంపద రక్షణకు చట్టం తెచ్చింది. ఇప్పటికీ ఏటా అదే తేదీన దేశమంతటా గుళ్ళలో మంటలార్పే కసరత్తు చేస్తారు.

నారాలో తోదైజి అనే మరో బౌద్ధాలయం గురించి రెండే మాటలు చెబుతాను. అక్కడి మహాబుద్ధుడికి 752లో కళ్ళు తెరిపించే క్రతువు చేసింది బోధిసేనుడనే మన భారతీయ భిక్షువు. ఆయన కుంచెకు కట్టిన పొడవాటి దారాన్ని అక్కడ చేరినవాళ్ళు పట్టుకున్నారట. ఇక ఇప్పటి మందిరం 1709 నాటిది, మొదటి దానికన్నా వెడల్పు తగ్గించి కట్టారు. అంతంత మానులు దొరక్క, చిన్న కర్రలను కలిపి ఇనుప పట్టీలు బిగించి స్తంభాలు చేశారు. ఆ పట్టీలు ఇప్పటికీ కనిపిస్తాయి. కడుతూ పోవాలంటే ముందు అడవి ఉండాలని అక్కడ బాగా అర్థమైంది.

ఇసేలో ఆ అడవితోనే మొదలవుతుంది. ఉజి వంతెన దాటి, ఇసుజు నదిలో చేతులు కడుక్కుని, కంకర దారి వెంట పెద్ద పెద్ద చెట్ల మధ్య నడవాలి. చివర రాతి మెట్లు, వాటి పైన ద్వారానికి తెల్లటి తెర. సూర్యదేవత అమతెరాసు కొలువున్న ఆలయం ఆ తెరకు అవతలే. మనం లోపలికి పోలేం, ఫొటోలు కూడా తీయకూడదు. కంచెల మీదుగా కప్పు కొనలు మాత్రం కనిపిస్తాయి.

"విగ్రహం ఎక్కడరా?" అంది అమ్మ.

"విగ్రహం లేదమ్మా. లోపల అద్దం ఉంటుందట. అది కూడా ఎవరికీ చూపించరు."

"సరేలే, పొద్దున్నే సూర్యుడికి పెట్టినట్టే పెట్టుకుంటాను." అక్కడి పద్ధతి ప్రకారం రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగింది.

ఆ గుడి స్తంభాలకు రాతి పీఠం లేదు. నేరుగా మట్టిలో పాతుతారు. పైన రెల్లు కప్పు, రంగు పూయని కర్ర. వానలు దండిగా పడే దేశంలో అది ఎక్కువ కాలం నిలవదు. అందుకే 20 ఏళ్ళకోసారి పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో అచ్చం అలాంటిదే కొత్తగా కట్టి, దేవతను రాత్రిపూట అందులోకి తీసుకెళ్తారు. ఈ ఆనవాయితీ 690లో మొదలైంది. యుద్ధాల కాలంలో నూరేళ్ళకు పైగా ఆగింది కూడా. 2013లో జరిగింది 62వది, తర్వాతిది 2033లో. ప్రతిసారీ సుమారు 10,000 హినోకి మానులు కావాలి. వాటి కోసం 200 ఏళ్ళ ముందుచూపుతో అడవి పెంచే పథకం 1923లో వేసుకున్నారు.

ఇదంతా చెబితే అమ్మ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ధ్వజస్తంభం పుచ్చితే మన ఊళ్ళో కొత్త మాను తెచ్చి ప్రతిష్ఠ చేయరా? వీళ్ళు గుడి మొత్తం చేస్తారన్నమాట," అంది.

హోర్యూజిలో కర్రను కాపాడారు, ఇసేలో పనిని కాపాడారు. నా మటుకు రెండోదే కష్టం. అతుకు వేయడానికి పాత స్తంభం కళ్ళ ముందుంటుంది. ఇసేలో మాత్రం తాత దగ్గర పని నేర్చుకున్నవాడు మనవడి వయసు కుర్రాడి చేత చేయించి చూడాలి. ఇద్దరి మధ్యా ఉన్న ఆ 20 ఏళ్ళు దాటితే చేయి మరిచిపోతుంది.

పాత గుడి కర్రను పారేయరు. ఇసేలోనే ఉన్న బయటి ఆలయం గెకూలో కప్పు కొన దూలాన్ని మోసిన స్తంభాలు ఉజి వంతెన బయటి వైపు తోరీ అనే తోరణ ద్వారమవుతాయి. ఇంకో 20 ఏళ్ళకు వాటిని కువానా అనే ఊరికి పంపుతారు. పూర్వం తోకైదో అనే పాత రహదారిలో పడవ దిగిన యాత్రికులకు ఇసే సీమలో ఎదురయ్యే మొదటి ద్వారం అక్కడిదే. ఇప్పుడు అక్కడున్న స్తంభాలు 1973లో గుడికి నిలిపినవి, కువానా చేరింది 2015లో. నాగోయా వైపు వెళ్ళేవాళ్ళు కువానాలో దిగితే స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరమే. ఇసే చూశాకే అక్కడికి వెళ్ళండి.