పైలింగ్‌కి ముందు అరగంట

ఓడరేవు పనికి పర్యావరణ అనుమతి వచ్చిందంటే వెనకే షరతుల చిట్టా కూడా వస్తుంది. దుమ్ము, మురుగునీరు, జనరేటర్లు, చెట్లు, మత్స్యకారుల ఉపాధి... ఆ వరసలో ఎక్కడో అడుగున ఒక వాక్యం: నీటిలో పైలింగ్ (కట్టడాన్ని మోసే పైల్స్ అనే స్తంభాలను అడుగులోకి దింపడం) జరిగేటప్పుడు సముద్ర క్షీరదాలకు హాని కలగకుండా తగిన చర్యలు తీసుకోవాలి. విశాఖ హార్బర్‌లో ఓ జెట్టీ పొడిగింపు పనికి నన్ను తీసుకున్నది ఆ ఒక్క వాక్యం కోసమే. ఆ 'తగిన చర్యలు' ఏమిటో రాయాలి, రాసింది చేయించాలి, చేయించినట్టు లెక్క చూపాలి. రాయడం తొందరగానే తెమిలింది. చేయించడం దగ్గరే ఉంది అసలు కథ.

నా ముందున్నవాళ్లు వదిలివెళ్లిన ప్లాన్ ఒకటి కంప్యూటర్‌లో దొరికింది. ఏ దేశపు ప్రాజెక్టు నుంచి ఎత్తారో గానీ అందులో సీల్స్ గురించి రెండు పేజీలున్నాయి. బంగాళాఖాతంలో సీల్స్ ఎక్కడివి! అవి కొట్టేసి మన తీరంలో నిజంగా తిరిగేవాటిని రాశాను. ఒడ్డుకి దగ్గరగా, లోతు తక్కువ నీళ్లలో మేసే హంప్‌బ్యాక్ డాల్ఫిన్. బాటిల్‌నోస్. ఇంకాస్త లోతుకి వెళ్తే గుంపులు గుంపులుగా గాల్లోకి ఎగిరి గిర్రున తిరిగే స్పిన్నర్. వీటన్నిటికంటే కంటికి చిక్కనిది ఫిన్‌లెస్ పార్పాయిస్. దానికి వీపు మీద రెక్క ఉండదు, ఎగరదు, నల్ల ట్యూబు ఒకటి నీళ్లలో దొర్లినట్టు ఒక్కసారి కనిపించి మునిగిపోతుంది. ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. చట్టం దృష్టిలో పులి ఎంతో ఇవీ అంతే. ఈ మాట సైట్ మీటింగ్‌లో చెప్పినప్పుడు మొదటిసారి అందరూ ఫోన్లు కింద పెట్టారు.

పైలింగ్ వల్ల వాటికేం నష్టం అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా సైట్‌లో వేసినవి బోర్ పైల్స్. ముందు లైనర్ అనే పెద్ద ఇనుప గొట్టాన్ని బార్జి (బల్లపరుపు పడవ) మీది క్రేన్‌తో నిలబెట్టి, వైబ్రో హ్యామర్‌తో వణికిస్తూ అడుగు మట్టిలోకి దింపుతారు. గట్టి పొర తగిలాక వైబ్రోకి లొంగదు. అప్పుడు బరువు ఎత్తి పైనుంచి మోది కూర్చోబెడతారు. ఆ తర్వాత గొట్టం లోపల చిజిల్ అనే బరువైన ఉలితో రాయి కొట్టడం, ఇనుప చువ్వల కేజ్ దించడం, కాంక్రీటు పోయడం. నాకు భయమంతా ఆ మోదుడు గురించే. గాలిలో సెకనుకి 340 మీటర్లు పోయే చప్పుడు సముద్రపు నీళ్లలో దాదాపు 1500 మీటర్లు పోతుంది, పైగా అంత తొందరగా సన్నగిల్లదు. హార్బర్ నీళ్లు బురద నీళ్లు, అక్కడ కళ్లతో పెద్దగా పని జరగదు. డాల్ఫిన్ టకటకమని శబ్దం వదిలి, చేపకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి వేటాడుతుంది. దెబ్బ పడే చోటికి మరీ దగ్గరగా ఉంటే దాని వినికిడి శాశ్వతంగా పోవచ్చు. వినికిడి పోతే తిండి కూడా పోయినట్టే. కాస్త దూరంలో ఉన్నవి బెదిరి పారిపోతాయి, ఆ గాభరాలో తల్లీ పిల్లా విడిపోయే ప్రమాదం ఉంది.

పద్ధతి కోసం బ్రిటన్‌లో జేఎన్‌సీసీ అనే ప్రభుత్వ సలహా సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలను ఆధారం చేసుకున్నాం. పైల్ చుట్టూ 500 మీటర్ల వలయం. పని మొదలుపెట్టే ముందు కనీసం 30 నిమిషాలు ఆ వలయాన్ని కళ్లతో జల్లెడ పట్టాలి. లోపల జంతువు కనబడితే పని మొదలుపెట్టకూడదు. అది వెళ్లిపోయాక, లేదా ఆఖరిసారి కనబడ్డాక మరో 20 నిమిషాలు ఆగాలి. మొదలుపెట్టినా ఒకేసారి పూర్తి బలంతో మోదకూడదు. చిన్న దెబ్బలతో మొదలుపెట్టి 20 నిమిషాల మీద బలం పెంచుకుంటూ పోవాలి, చుట్టుపక్కల మనకి కనబడనివేమైనా ఉంటే తప్పుకునేందుకు. మధ్యలో 10 నిమిషాలకి మించి పని ఆగితే కథ మళ్లీ మొదటికి. చీకట్లో, మంచులో, సముద్రం కల్లోలంగా ఉన్నప్పుడు మొదలుపెట్టడం లేదు.

కాగితం మీద ఇది ఎంతో బాగుంది. సైట్‌లో మాత్రం మొదటి రోజే సూర్యుడు అడ్డొచ్చాడు. మనది తూర్పు తీరం. పొద్దున్నే పని మొదలుపెట్టే వేళకి ఎండ సరిగ్గా సముద్రం మీంచి కళ్లలోకే కొడుతుంది. వలయంలో మూడో వంతు తళతళ తప్ప ఏమీ కనబడదు. పోలరైజ్డ్ కళ్లద్దాలు కొంత నయం. అసలు పరిష్కారం రెండో మనిషిని పెట్టడం: ఒకరు బార్జి మీద, ఒకరు బ్రేక్‌వాటర్ (అలలను ఆపే గట్టు) రాళ్ల మీద, ఒకరికి ఎదురెండ అయిన చోటు ఇంకొకరికి పక్కకి పడేలా. రెండో మనిషికి జీతం ఎందుకని అడిగారు. మీరే వచ్చి ఓ అరగంట నిలబడి చూడండి అన్నాను. ప్లానింగ్ ఇంజినీర్ వచ్చాడు, కళ్లు నులుముకుంటూ వెళ్లి సంతకం పెట్టాడు.

దూరం కొలవడం మరో తలనొప్పి. దుర్భిణిలో గీతలుంటాయి, దిగ్మండల రేఖ నుంచి కిందికి లెక్కపెట్టి దూరం కట్టొచ్చు. కానీ హార్బర్ లోపల ఏ వైపు చూసినా బ్రేక్‌వాటరో, క్రేన్లో, లంగరు వేసిన ఓడలో, డాల్ఫిన్స్ నోస్ కొండో అడ్డం. రేఖ కనబడితే కదా! చివరికి వలలకి ఆనవాలుగా కట్టే జెండా కర్రలని థర్మాకోల్ ముక్కలకి గుచ్చి, జీపీఎస్‌తో కొలిచి, ఓడల దారికి అడ్డురాకుండా 500 మీటర్ల చుట్టూ లంగరేశాం. జెండాకి ఇవతల ఉంటే ఆపు, అవతల ఉంటే రాసుకో. ఇంత సులువైన పద్ధతి ఏ మార్గదర్శకంలోనూ కనబడలేదు నాకు.

ఆ ఆలోచన నాది కాదు, బాబాయ్‌ది. ఆయనది పెదజాలారిపేట. సరంగుగా చాలా ఏళ్లు బోటు నడిపి, మోకాళ్లు సహకరించక మానేశాడు. రెండో మనిషి కావాలన్నప్పుడు డిగ్రీ ఉన్న కుర్రాళ్లని పంపారు, నేను ఆయన్నే పెట్టుకుంటానని పట్టుబట్టాను. ఆయన దుర్భిణి వాడేవాడు కాదు. ముందు పిట్టలని చూసేవాడు, తర్వాత నీళ్లని.

ఒకరోజు నల్లగా ఏదో కదిలి మాయమైంది. కెరటమేమో అన్నాను.

"కెరటం కాదు పాపా. కెరటవైతే అది పోయిన కాడే ఇంకోటి లెగాల. ఇది ముందుకెల్లి లెగిసింది. సూడు, మల్లీ అటే లెగుత్తాది."

అటే లేచింది. పార్పాయిస్. నా చదువంతటికీ అది మొదటిది. బ్యాచ్‌లో ఫోటోలు చూసి గుర్తుపట్టడంలో నన్ను మించినవాళ్లు లేరు. ఫోటోలో అది అర సెకను కాదు కదా, ఎంతసేపైనా ఉంటుంది.

సముద్రంలో తెల్ల నురగలు మొదలయ్యాయంటే, అంటే గాలి తీవ్రతని చెప్పే బోఫోర్ట్ కొలతలో 3కి చేరిందంటే, పార్పాయిస్‌ని చూడటం బాబాయ్ వల్ల కూడా కాదు. నైరుతి గాలులు ముదిరాక పొద్దున కొద్దిసేపే నీళ్లు నిలకడగా ఉండేవి. అందుకే మోదుడు పని ఆ కొద్ది గంటల్లోకి, వైబ్రో, చిజిల్, కాంక్రీటు మిగతా సమయంలోకి సర్దమని షెడ్యూల్ మార్పించాను. ఇది ఎవరికీ పైసా ఖర్చు లేని మార్పు. అయినా దీనికి జరిగినంత వాదన బుడగల తెరకి కూడా జరగలేదు.

బుడగల తెర సంగతి క్లుప్తంగా చెప్తాను. పైల్ చుట్టూ అడుగున చిల్లుల గొట్టం పరిచి కంప్రెసర్‌తో గాలి పంపితే, పైకి లేచే బుడగలు చప్పుడుని కొంత మింగేస్తాయి. కంప్రెసర్ సైట్‌లో ఎలాగూ ఉంది. గొట్టం వేశాం. మన హార్బర్ ఒండ్రుకి చిల్లులు పూడుకుపోవడం, డైవర్ దిగి శుభ్రం చేయడం, మళ్లీ పూడుకుపోవడం. గట్టిగా మోదాల్సిన కొన్ని పైల్స్‌కే దాన్ని పరిమితం చేశాం. పనికిరాదని అనను. దాన్ని చూసుకోడానికి విడిగా ఓ మనిషి లేకపోతే మాత్రం పెట్టకండి.

ఇక 'ఆపు' అనే అధికారం. మొదటి ప్లాన్ ప్రకారం జంతువు కనబడితే నేను సేఫ్టీ ఆఫీసర్‌కి చెప్పాలి, ఆయన సైట్ ఇన్‌ఛార్జికి, ఆయన ప్రాజెక్ట్ మేనేజర్‌కి, మేనేజర్ ఆలోచించి పైలింగ్ ఫోర్‌మన్‌కి. ఈ లోపు డాల్ఫిన్ బార్జి కిందికి వచ్చి, తిరిగి వెళ్లిపోయి, భీమిలి చేరి ఉంటుంది. వాకీటాకీ నేరుగా క్రేన్ దగ్గరి సిగ్నల్‌మన్‌తో ఉండాలని, మొదలుపెట్టే ముందు, చిన్న దెబ్బలు నడిచేటప్పుడు నా మాటే చివరి మాట కావాలని అడిగాను. జేఎన్‌సీసీ ప్రకారం పూర్తి బలంతో మోదుతున్నప్పుడు జంతువు లోపలికొస్తే ఆపి తీరాలని లేదు. మేం అప్పుడు కూడా ఆపాలనే రాశాం, ఇది నడిసముద్రం కాదు హార్బర్ నోరు, లోపలికొచ్చిన జంతువుకి తప్పుకునే దారి ఒక్కటే కాబట్టి. సిగ్నల్‌మన్ ఒడియా కుర్రాడు, ఆపరేటర్ బిహార్ నుంచి వచ్చాడు. సైట్ భాష హిందీ. 'బంద్' అంటే ఆపాలి, 'చాలూ' అనేదాకా ముట్టుకోకూడదు. మూడో మాట అనవసరం.

ఒప్పుకున్నారు గానీ, నిజంగా ఆపినప్పుడు కదా తెలిసేది. వేసవిలో వేట నిషేధం నడుస్తోంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లన్నీ ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. బోట్ల రాకపోకలు లేవు కాబట్టి ఈలోపే పైల్స్ లాగించేయాలని కాంట్రాక్టర్ తొందర. ఇంజన్ల మోత లేని ఆ రోజుల్లోనే మాకు డాల్ఫిన్లు ఎక్కువగా కనబడ్డాయి. నిజంగా ఎక్కువ వచ్చాయో, బోట్లు అడ్డం లేక మా కళ్లకి ఎక్కువ దొరికాయో, దాని మీద నేను ప్రమాణం చేయను. ఆరోజు అరగంట కాపలా అయిపోవచ్చింది, ఆపరేటర్ ఎక్కి కూర్చున్నాడు. జెండాకి ఇవతల మూడు హంప్‌బ్యాక్‌లు, ఒకదాన్ని అంటిపెట్టుకుని ముదురు బూడిద రంగు పిల్ల. 'బంద్' అన్నాను. అవేమో కదలవు. అక్కడక్కడే మేస్తూ, కాసేపు కనబడకుండా పోయి, నా 20 నిమిషాలు పూర్తవుతాయనగా మళ్లీ తేలుతున్నాయి. ఫోర్‌మన్ గోడు ఫోర్‌మన్‌ది.

"మేడం, క్రేన్ అద్దె గంటల్లెక్క. మీ డాల్ఫిన్లు కడతాయా?"

పొద్దున మొదలవ్వాల్సిన మోదుడు మధ్యాహ్నానికి పోయింది, మధ్యాహ్నం గాలి లేచింది, ఇక మర్నాడే. ఆ సాయంత్రం మీటింగ్‌లో ఎవరూ నాతో మాట్లాడలేదు. క్యాంటీన్ కుర్రాడు మాత్రం టీ ఇచ్చి పిల్ల ఎంతుందని అడిగాడు.

మేనేజర్ వైఖరి మారింది వేరే కారణానికి. ఊళ్లో బీచ్‌లో చనిపోయిన డాల్ఫిన్ కొట్టుకొచ్చింది. హార్బర్ పనుల వల్లేనని ఫోన్లు మొదలయ్యాయి. అటవీ శాఖ వాళ్లు వచ్చారు, పశువైద్యుడు వచ్చాడు. మొదటి షెడ్యూల్ జంతువు కాబట్టి కళేబరాన్ని కూడా ఇతరులు ముట్టుకోకూడదు. తోక మొదట్లో వల కోసిన గుర్తులు కనిపిస్తున్నాయి. మా రిజిస్టర్ అడిగారు. ఏ రోజు ఎన్నింటికి కాపలా, ఎన్నింటికి మొదటి దెబ్బ, ఎప్పుడు ఆపాం, సముద్రం ఎలా ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. అంతకుముందు కొన్ని రోజులుగా క్రేన్ రిపేరులో ఉండి మోదుడే జరగలేదు. మేనేజర్ మొహం వెలిగిపోయింది. మన వల్ల కాదని తేలిపోయిందని రాసెయ్యమన్నాడు. ఆ రోజుల్లో మోదుడు జరగలేదని మాత్రమే రాశాను. చావుకి కారణం చెప్పాల్సింది పోస్ట్‌మార్టం, మా రిజిస్టర్ కాదు. దానికి కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, మర్నాటి నుంచి ఉదయం మీటింగ్‌లో ఆయనే ముందుగా 'కాపలా అయిందా?' అని అడగడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మిగిలింది కాగితాల పని. జూన్ 1కి, డిసెంబర్ 1కి అర్ధ సంవత్సర నివేదిక వెళ్లాలి. చాలాచోట్ల ఈ షరతు పక్కన 'పాటిస్తున్నాము' అని ఒక్క మాట రాసి వదిలేస్తారు. నేను రిజిస్టర్ పేజీలే జతచేశాను, జనవరి నుంచి మార్చి దాకా కనబడిన ఆలివ్ రిడ్లే తాబేళ్లతో సహా.

ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్లు అడిగితే ఒక్కటే చెప్తాను: ప్లాన్ కంటే ముందు కాంట్రాక్ట్ చదవండి. ఆ అరగంటలు, ఆగిన గంటలు కాంట్రాక్టర్ జేబులోంచి పోతున్నంతకాలం ఫోర్‌మన్‌కీ మీకూ రోజూ యుద్ధమే, తప్పు అతనిదీ కాదు. తర్వాతి దశ టెండర్ పత్రాల్లో కాపలా సమయాన్ని, డాల్ఫిన్ కోసం ఆగిన క్రేన్ గంటల్ని విడి పద్దుగా చేర్చమని రాసిచ్చాను. మొదటిది చేర్చారు. రెండోదానికి రోజుకి ఎన్ని గంటలదాకా చెల్లించాలన్న దగ్గర ఫైలు ఆగింది. బాబాయ్ కూలి కూడా ఆ పద్దులోనే పెట్టాను, 'స్థానిక పరిశీలకుడు' అన్న హోదాతో. అర్హత గడిలో ఏం రాయాలని ఆఫీసు నుంచి ఫోన్ చేశారు. సరంగుగా అనుభవం అని రాయమన్నాను.