డోలీ మోసే బావ స్ట్రెచర్ ఎక్కిన రోజు

ఇంగ్లండ్‌లో లీడ్స్ నుంచి క్లాపమ్ అనే ఊరికి రైలు టికెట్టు కొన్నప్పుడే ప్రాణం ఉసూరుమంది. స్టేషన్‌లో దిగాక ఊళ్లోకి మళ్లీ మైలు పైగా నడక. పాడేరు నుంచి వచ్చిన బావకి మాత్రం అదేం పట్టలేదు, కొండ కనిపిస్తే చాలు. 723 మీటర్ల ఇంగిల్‌బరో ఎక్కాం, పైన పొగమంచు తప్ప ఏమీ కనపడలేదు. దిగేటప్పుడు ఫెల్ బెక్ వాగు దాదాపు 100 మీటర్ల లోతుకి దూకే గేపింగ్ గిల్ అనే గుహ దగ్గర కాసేపు నిలబడి, ట్రో గిల్ అనే ఇరుకు లోయ వైపు బయల్దేరాం. అక్కడ తడిరాయి మీద బావ కాలు మడతపడింది. చీలమండ చూస్తుండగానే ఉబ్బిపోయింది.

"నువ్వు కదలకు బావా" అని చెప్పి, సిగ్నల్ కోసం వెనక్కి పైకి పరిగెత్తాను. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని అడగాలి, వాళ్లకి కొండ మీద ఉన్నామని చెబితే రెస్క్యూ వాళ్లకి కబురు పెడతారు. కాసేపటికి మెసేజ్‌లో ఒక లింకు వచ్చింది, నొక్కగానే మేం ఎక్కడున్నామో వాళ్లకి తెలిసిపోయింది. ఆ గంట నాకున్న టెన్షన్‌లో సగం బావ కాలు గురించి, సగం వచ్చే బిల్లు గురించి.

పదిమంది దాకా వచ్చారు. 1935లో మొదలైన కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్ వాళ్లు, ఉండేది క్లాపమ్‌లోనే. గుహల్లో చిక్కుకున్నవాళ్లకీ కొండ మీద పడినవాళ్లకీ వీళ్లే దిక్కు, గొర్రె లోయలో పడినా వీళ్లకే ఫోన్. అందరూ వాలంటీర్లే. వచ్చినవాళ్లలో ఒకాయన బడిలో టీచరు, ఒకావిడ గొర్రెలు పెంచుతుంది, చేస్తున్న పని వదిలేసి వచ్చారు. గాలి తీస్తే గట్టిపడే కట్టు ఒకటి కాలికి వేసి, నొప్పికి గ్యాస్ పీల్పించి, రెండు ముక్కలుగా వీపుల మీద మోసుకొచ్చిన స్ట్రెచర్‌ని కలిపి బావని పడుకోబెట్టారు. 2018లో థాయ్‌లాండ్ గుహలో 12 మంది పిల్లల్నీ వాళ్ల కోచ్‌నీ మొదట కనిపెట్టిన ఇద్దరు బ్రిటిష్ డైవర్లూ వేల్స్‌లో ఇలాంటి టీమువాళ్లేనని, అందులో ఒకాయన నాలాగే ఐటీ మనిషని అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉంటూ శనాదివారాలు నేనేం చేస్తున్నానో కూడా గుర్తొచ్చింది.

రాళ్ల మధ్య కొన్ని అడుగులకోసారి ఆగి చేతులు మార్చుకుంటూ దించుతున్నారు. బావ కళ్లలో నీళ్లు. నొప్పేమో అనుకున్నా.

"మోయడమే గానీ ఎక్కడం ఇదే మొదటిసారి రా" అన్నాడు.

బావ పనిచేసే బడి పాడేరు పైన, రోడ్డు లేని ఊళ్లో. నిండు చూలాలిని డోలీ కట్టి 108 ఆగే చోటిదాకా దించడానికి వంతులేసుకునే వాళ్లలో తనూ ఒకడు. అక్కడా భుజాలు ఇలాగే మారతాయి. ఉన్నదల్లా వెదురు కర్రా, దుప్పటీ. ఆ మోసేవాళ్లని వాలంటీర్లని ఎవరూ అనరు, వాళ్లకి ఒక తాడు కొనిచ్చినవాళ్లూ లేరు.

కింద బిల్లు ఎంతని అడిగాను. బిల్లు లేదన్నారు, విరాళాలతోనే నడుస్తుందట. ఊరికి ఏమైనా కొనుక్కెళ్లమని నేనిచ్చిన పౌండ్లన్నీ బావ తీసి ఇచ్చేశాడు. తర్వాత టీచరుగారిని దగ్గరికి పిలిచి, ఆ స్ట్రెచర్ రెండు ముక్కలూ ఎక్కడ ఎలా అతుక్కుంటాయో మళ్లీ ఒకసారి విప్పి చూపించమని నాచేత అడిగించాడు. ఆయన విప్పాడు. బావ జేనలు పెట్టి కొలుచుకుంటుంటే నేను ఫోటోలు తీశాను.